నీటి మీద సుద్దపొడి ఎందుకు నిలవలేదు?

ప్రశ్న: మా అమ్మాయి పిల్లలిద్దరూ సెలవులకు వచ్చి మా దగ్గరే ఉన్నారు. మనవరాలికి ఏడేళ్లు, మనవడికి నాలుగు నిండాయి. నీళ్ల మీద రంగు సుద్దపొడి చల్లి, కాగితం పరిచి తీస్తే మబ్బుల్లాంటి బొమ్మలు పడతాయని ఎవరో చేస్తుండగా ఫోనులో చూసి మేమూ మొదలుపెట్టాం. రంగు సుద్దముక్కలు రోట్లో వేసి దంచి, బేసిన్‌లో నీళ్లు పోసి చల్లితే పొడి చాలావరకు అడుక్కి పోయింది, నీళ్లేమో పల్చటి మజ్జిగలా తయారయ్యాయి. ఒక కాగితం చిరిగింది, ఇంకోదానికి అంటిన కాస్త రంగూ ఆరాక చేతికి వచ్చేసింది. మనవరాలు అలిగి లేచిపోయింది. మనవడు మాత్రం బేసిన్‌లో చేతులు పెట్టి కలుపుతూ కూర్చున్నాడు. పొరపాటు ఎక్కడ జరిగింది? సుద్దకు బదులు ముగ్గు రంగులు వాడవచ్చా? ఈ పొడి పిల్లల ఊపిరికి మంచిదేనా? బాగా వచ్చిన బొమ్మలను బెంగళూరులో ఉన్న వాళ్లమ్మకు పోస్టులో పంపాలని మనవరాలి కోరిక. అలా పంపితే నిలుస్తాయా? (ఒక అమ్మమ్మ, తెనాలి)

సమాధానం:

అమ్మమ్మగారికి నమస్కారం. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికివచ్చిన మాట "రోట్లో వేసి దంచి" అన్నది. ఏమేం చేశారో ఉన్నదున్నట్టు రాశారు కాబట్టి కారణం వెతుక్కునే పని తప్పింది. మీ పొరపాటు ప్రధానంగా ఆ రోట్లోనే జరిగింది. కొంత బేసిన్‌లోనూ జరిగి ఉండవచ్చునని నా అనుమానం.

ముందుగా ఒక సంగతి తేల్చుకుంటే మిగిలినవన్నీ దానివెంటే వస్తాయి. సుద్ద నీటిలో తేలే వస్తువు కాదు. మన బళ్లలో వాడే సుద్దముక్కలు చాలావరకు జిప్సంతో చేసినవి, కొన్ని సున్నపురాయి జాతికి చెందిన కాల్షియం కార్బొనేట్‌తో చేసినవి. (మీ దగ్గర ఉన్నది ఏదో తెలుసుకోవాలంటే ఒక చుక్క నిమ్మరసం వేసి చూడండి, బుసబుసమని నురగ వస్తే అది రెండో రకం.) జిప్సం నీటికన్నా సుమారు 2.3 రెట్లు, కాల్షియం కార్బొనేట్ సుమారు 2.7 రెట్లు బరువైనది కాబట్టి ఏ రకమైనా న్యాయంగా మునగవలసిందే. అయినా సన్నటి పొడి కాసేపు పైన నిలుస్తున్నదంటే దానికి కారణం నీటి పైపొర. నీటి ఉపరితలం బిగించి కట్టిన పల్చటి గుడ్డలా ప్రవర్తిస్తుందని, దాన్ని తలతన్యత అంటారని సామాన్యశాస్త్రంలో చదువుకున్నాం. గ్లాసుడు నీళ్ల మీద ఇనప సూదిని అడ్డంగా, మెల్లగా దించితే అది మునగకుండా ఉండటం కూడా ఆ పొర వల్లనే. సుద్దపొడిని మోస్తున్నది ఆ పొరే. పొర మోయగలిగినంత చిన్న రేణువు పైన ఉంటుంది, మోయలేనిది అడుక్కి పోతుంది.

ఇందులో లెక్క కూడా ఉంది. రేణువు అడ్డుకొలత సగానికి తగ్గితే దాని బరువు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, దాన్ని అంచుల దగ్గర పట్టి ఉంచే నీటి బలం మాత్రం సగానికే తగ్గుతుంది. అంటే పొడి సన్నబడేకొద్దీ నీటి పొరకు అది నాలుగింతలు, పదహారింతలు తేలికైన పని అవుతుంది. రోట్లో దంచినప్పుడు కొంత పొడి ముఖానికి రాసుకునే పౌడరంత సన్నగానూ, కొంత బొంబాయి రవ్వంత మోటుగానూ తయారై రెండూ కలిసిపోతాయి. మోటు పలుకులు నీటి పొరను చీల్చుకుని దిగుతాయి, దిగుతూ తమ చుట్టూ ఉన్న సన్నపొడిని కూడా లాక్కుపోతాయి. మీకు మజ్జిగలా కనిపించినది ఈ విధంగా మునిగిపోయిన మంచి పొడే. దాన్ని గుప్పిటతో, పై నుంచి చల్లి ఉంటే నష్టం ఇంకా ఎక్కువ.

ఇక బేసిన్ సంగతి. అది బట్టలు నానబెట్టే బేసిన్ అయినా, అంట్లపొడితో తోమి ఒక్కసారి తొలిచి పెట్టినదైనా, గోడలకు కాస్త సబ్బు మిగిలి ఉంటుంది. సబ్బు తగిలిన నీటి పొర బిగువు తప్పుతుంది, అప్పుడు ఎంత మెత్తటి పొడి అయినా నిలవదు. ఈ మాట నమ్మించడానికి నేను పిల్లలకు చేసి చూపించే పని ఒకటుంది, మీరూ చేయవచ్చు. శుభ్రమైన పళ్లెంలో నీళ్లు పోసి పైన సుద్దపొడి పల్చగా రాల్చి, అగ్గిపుల్ల కొనకు కాస్త సబ్బు అంటించి నీటి మధ్యలో తాకించండి. పొడి అంతా ఎవరో తరిమినట్టు ఒక్క క్షణంలో అంచులకు పారిపోయి, నడుమ గుండ్రటి ఖాళీ ఏర్పడుతుంది. వెంటనే కాగితం పరిచి తీస్తే ఆ ఖాళీ తెల్లటి వలయంగా కాగితం మీదికి వస్తుంది, చుట్టూ రంగు జడలు జడలుగా ఉంటుంది. నాకు అన్ని అచ్చుల్లోనూ ఇదే ఇష్టం. అయితే ఆ నీళ్లు మళ్లీ పనికిరావు, పారబోసి పళ్లెం నాలుగుసార్లు కడిగితే తప్ప రెండో అచ్చు రాదు కనుక దీన్ని ఆనాటి చివరి అచ్చుగా పెట్టుకోండి.

రోలు పక్కన పెట్టి, టీ వడకట్టే పాత జాలీ ఒకటి తీసుకోండి. సన్నటి స్టీలు తీగలతో అల్లినదై ఉండాలి, ప్లాస్టిక్‌ది అంత బాగా పనిచేయదు. సుద్దముక్కను జాలీ లోపలివైపు ఆనించి గుండ్రంగా రుద్దితే, తీగలే సుద్దను అరగదీస్తాయి, తీగల సందులే జల్లెడ పడతాయి, పొడి నేరుగా నీటి మీద రాలుతుంది. అరగదీయడం, జల్లించడం, చల్లడం మూడూ ఒక్క చేతిపనిలో అయిపోతాయి కాబట్టి ఏడేళ్ల పిల్ల ఎవరి సాయమూ లేకుండా చేసుకోగలదు. జాలీ నీటికి బెత్తెడు ఎత్తులో ఉండాలి. అంతకన్నా పైకి పోతే పొడి గాలిలో తేలి ముక్కులోకి పోతుంది, మరీ కిందికి వస్తే జాలీ తడిసి సందులు ముద్ద కట్టుకుపోతాయి. ఇప్పటికే దంచి పెట్టిన పొడిని పారవేయనక్కరలేదు. ఇంట్లో చూర్ణాలకు చేసినట్టు పాత పంచెగుడ్డలో వస్త్రగాళితం పట్టి, సన్నపొడిని సీసాలో పోసుకుని, గుడ్డలో మిగిలిన పలుకులను మీ మనవడి కోసం వేరే ఉంచండి, వాటి పని తరువాత చెబుతాను. వానాకాలమైతే సుద్దముక్కలను ఒక పూట ఎండలో పెట్టి వాడండి, చెమ్మగిల్లిన సుద్ద రాలదు, ఉండ కడుతుంది.

ఒక అచ్చుకు కావలసిన పొడి మీరు ఊహించేదానికన్నా చాలా తక్కువ. నీటి మీద మంచు పట్టినట్టు పల్చగా, అక్కడక్కడ నీరు కనబడుతూ ఉంటే చాలు. దట్టంగా కప్పితే పొర బరువెక్కి అట్టలు అట్టలుగా దిగిపోతుంది. రంగులు రెండు, ఎక్కువలో ఎక్కువ మూడు వాడండి. నాలుగోది పడిందంటే అన్నీ కలిసి బూడిదరంగు అవుతాయి. తెల్ల కాగితానికి నీలం, ఎరుపు, ఆకుపచ్చ బాగుంటాయి. పసుపుపచ్చ, తెలుపు సుద్దలు తెల్ల కాగితం మీద కనబడనే కనబడవు, కాని నల్ల చార్టు ముక్క మీద అవే అన్నిటికన్నా అందంగా తేలతాయి. పొడి రాలిన తరువాత ఒకటి రెండు నిమిషాలకు మించి ఆగవద్దు, ఎందుకంటే సుద్ద నెమ్మదిగా తడిని పీల్చుకుని దానంతటదే దిగిపోవడం మొదలుపెడుతుంది. కాగితం ముందే కోసి పక్కన సిద్ధంగా పెట్టుకుని, ఆ తరువాతే జాలీ పట్టుకోవాలి. ఫ్యాను ఆపివేయాలి. అచ్చు పాడైన చాలా సందర్భాల్లో నిజమైన దోషి ఫ్యానే.

లోతైన బేసిన్ కన్నా అంచున్న స్టీలు తాంబాళం మేలు. నీళ్లు రెండు వేళ్ల మందాన ఉంటే సరిపోతుంది. సుమారు 30 సెంటీమీటర్లకు 40 సెంటీమీటర్లు ఉన్న ట్రేలో 2 సెంటీమీటర్ల లోతున పోస్తే పట్టేది రెండున్నర లీటర్ల లోపే. తాంబాళాన్ని నేల మీద పెట్టి, పిల్లలను దాని చుట్టూ కూర్చోబెట్టండి. బల్ల మీద పెడితే మోచేయి తగిలిన ప్రతిసారీ నీరు కదులుతుంది. నీరు కదిలితే పొడి మునుగుతుంది.

కాగితం చిరగడానికి కారణం మీరు చెప్పకపోయినా ఊహించగలను, అది నోటు పుస్తకంలోది అయి ఉంటుంది. పల్చటి కాగితం నీళ్లు తాగి తన బరువును తానే మోయలేక చిరుగుతుంది. డ్రాయింగు పుస్తకంలోని మందమైన కాగితం వాడండి. అదీ లేకపోతే ఇంట్లో దాచిపెట్టిన పాత శుభలేఖలు తీయండి. నునుపు పూత లేని, కాస్త గరుకుగా ఉన్న శుభలేఖ వెనకవైపుకు మించిన కాగితం ఈ పనికి నాకు దొరకలేదు. క్యాలెండరు వెనకవైపు తెల్లగా ఊరిస్తుంది గాని, నునుపు వల్ల పొడి దానికి అంటదు.

పరిచే పద్ధతిని ఒకసారి మీరు చేసి చూపించండి. కాగితాన్ని రెండు ఎదురు అంచుల దగ్గర పట్టుకుని నడుమ కిందికి ఊయలలా వంగేటట్టు చేయాలి, ఆ వంగిన నడుమను ముందు నీటికి తాకించి, ఆ తరువాత రెండు అంచులనూ నెమ్మదిగా వదలాలి. అలా కాకుండా ఒక్కసారిగా పడేస్తే కింద గాలి చిక్కుకుని అచ్చులో బోసి మచ్చలు మిగులుతాయి. పరిచాక వేలితో నొక్కకూడదు. మూడు లెక్కపెట్టేంత సేపు ఉంచి, ఒక అంచు పట్టుకుని, అట్టు పెనం మీద నుంచి లేపినట్టు ఆ చివర నుంచి ఈ చివరకు తీయాలి. నీళ్లు కారే కాగితాన్ని నిలువుగా పట్టుకుంటే రంగంతా కిందికి జారుతుంది కాబట్టి తీసినది తీసినట్టే వెల్లకిలా పాత వార్తాపత్రిక మీద నీడలో పెట్టండి. దండెం మీద ఆరవేయవద్దు. ఆరాక కాగితం వంకర్లు తిరిగితే తెల్ల కాగితం ఒకటి పైన వేసి, ఒక రాత్రి బరువైన పుస్తకాల కింద ఉంచితే చాలు.

మీరు "మబ్బుల్లాంటి బొమ్మలు" అన్నారు. నీటి మీద రంగులు తేల్చి కాగితానికి ఎత్తే కళను పారశీకంలో అబ్రీ అన్నారు, అబ్ర్ అంటే మబ్బే. 17వ శతాబ్దంలో మన దక్కనులోని బీజాపూరులో చిత్రకారులు ఈ మబ్బు కాగితంతోనే గుర్రాలనూ మనుషులనూ తీర్చారు. ఎముకలు తేలిన ఒక గుర్రం ఒళ్లంతా ఈ రంగు సుడులతో నింపిన చిత్రాలు ఇప్పటికీ మ్యూజియాల్లో ఉన్నాయి. తుర్కియేలో ఇదే కళను ఎబ్రు అంటారు, 2014లో యునెస్కో దాన్ని మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ పనివాళ్లు ఒట్టి నీళ్లు వాడరు, జిగురు కలిపి చిక్కబరిచిన నీళ్లు వాడతారు. రంగు వదలకుండా ఉండటానికి కాగితానికి ముందుగానే పటిక నీళ్లు పూసే పద్ధతి కూడా ఉంది. మన సుద్ద అచ్చులో నీళ్లలోనూ జిగురు లేదు, కాగితం మీదా ఏ పూతా లేదు, సుద్దముక్కలోనూ జిగురు నామమాత్రమే. అందుచేత తడి ఉన్నంతసేపు పట్టుకున్న పొడి, ఆరాక కాగితపు నారల మధ్య ఊరికే ఇరుక్కుని ఉంటుంది తప్ప అంటుకుని ఉండదు. మీ చేతికి రంగు రావడం మీ తప్పు కాదు, ఈ పద్ధతిలో ఉన్న లోపమే అది.

దానికి మన ఇళ్లలో ఉన్న మందు గంజి. అన్నం వార్చిన గంజిని నీళ్లతో బాగా పల్చన చేసి, గుడ్డలో వడకట్టి (వడకట్టకపోతే సీసా మూతి రంధ్రం పూడుకుపోతుంది), ఇస్త్రీకి నీళ్లు చల్లే స్ప్రే సీసాలో పోసుకోండి. అచ్చు పూర్తిగా ఆరిన తరువాత, కాగితాన్ని ఒకసారి మెల్లగా తట్టి వదులుగా ఉన్న పొడి రాల్చి, జానెడు దూరం నుంచి మంచులా ఒక పూత కొట్టి, అది ఆరాక మరొక పూత కొట్టండి. దగ్గర నుంచి కొడితే చుక్కలు పడి మచ్చలవుతాయి. కుంచెతో మాత్రం పూయవద్దు, అచ్చు మొత్తం చెరిగిపోతుంది. చిత్రకారులు వాడే స్ప్రేలు అంగళ్లలో దొరుకుతాయి గాని వాటి ఘాటు పిల్లలు ఉన్న ఇంట్లో మంచిది కాదు. గంజి వేసిన అచ్చు తడిగుడ్డతో తుడిస్తే నిలవదు, వేలు తగిలితే మాత్రం నిలుస్తుంది. పంచదార నీళ్లు కూడా రంగును పట్టి ఉంచుతాయి కాని, చీమలకు కబురు పంపినట్టవుతుంది.

ముగ్గు రంగుల విషయంలో నా జవాబు వద్దు అనే. ముగ్గుపిండి ఏ రాయిని పొడి చేసినదో ఊరూరికీ మారుతుంది, అందులో పలుగురాయి కలిసి ఉంటే దాని సన్నటి దుమ్ము ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. వాకిట్లో, ఆరుబయట, చిటికెలతో ముగ్గు పెట్టడం వేరు, పిల్లల ముఖాలకు దగ్గరగా జల్లెడ పట్టడం వేరు. అమ్మకపు రంగుల్లో ఏ అద్దకం కలిపారో పొట్లం మీద రాసి ఉండదు, పైగా చాలా రంగులు నీళ్లు తగలగానే కరిగి కారిపోతాయి కాబట్టి అచ్చూ రాదు, చేతులకు అంటినది నాలుగు రోజులు పోదు. మథుర, బృందావనం ప్రాంతంలో సాంఝీ అని, కాగితం కత్తిరించి చేసిన అచ్చుల మీదుగా రంగుపొడులు జల్లి నీటి మీద సైతం బొమ్మలు తీర్చే సంప్రదాయం ఉన్న మాట నిజమే. అది ఏళ్ల తరబడి సాధన చేసిన పెద్దవాళ్ల పని.

వంటింట్లోంచి మాత్రం ధైర్యంగా తెచ్చుకోదగినది పసుపు. పసుపులో సహజంగా నూనె ఉండటం వల్ల అది నీటికి తొందరగా తడవదు, సుద్దకన్నా ఎక్కువసేపు పైన నిలుస్తుంది, మొదటి ప్రయత్నంలోనే అచ్చు వస్తుంది. అలిగిన మనవరాలిని మళ్లీ కూర్చోబెట్టడానికి రేపు పసుపుతోనే మొదలుపెట్టండి. పసుపు అచ్చు ఆరాక, అర గ్లాసు నీళ్లలో అర చెంచా తినే సోడా కలిపి, దూది చుట్టిన పుల్లను అందులో ముంచి అచ్చు మీద గీతలు గీయమనండి. పుల్ల తగిలిన చోటల్లా పసుపు ఎర్రబడుతుంది. పసుపూ సున్నమూ కలిపితే పారాణి ఎర్రగా ఎందుకు అవుతుందో ఇదీ అందుకే. సున్నం చర్మాన్నీ కళ్లనూ పొక్కిస్తుంది కనుక పిల్లల చేతికి సోడానే ఇవ్వండి. పసుపు మరక బట్టలకు వదలదని మీకు నేను చెప్పనక్కరలేదు, పాత చొక్కాలు తొడిగించండి.

బొగ్గుపొడి కూడా చక్కగా తేలుతుంది, తెల్ల కాగితం మీద దాని అచ్చు పాతకాలపు సిరా చిత్రంలా ఉంటుంది. అయితే అది నల్లటి దుమ్ము, నాలుగేళ్లవాడు ఉన్నచోట దాన్ని తీయడానికి నాకైతే గుండె చాలదు. పలకల మీద రాసే బలపం పనికిరాదు, గట్టిగా ఉండి మోటు పలుకులుగా రాలుతుంది.

ఊపిరి గురించి అడిగారు. మామూలు బడి సుద్ద విషం కాదు, కాని ఏ సన్నటి దుమ్మయినా గొంతులో గరగరా, దగ్గూ తెప్పిస్తుంది. మీ మనవళ్లలో ఎవరికైనా ఉబ్బసం ఉంటే జల్లించే పని మీరు పెరట్లో చేసి తెచ్చి, చెంచా కొనతో నీటి మీద రాల్చడం వరకే వాళ్లకు ఇవ్వండి, లేదా పొడి పద్ధతి మాని కింద చెప్పే తడి పద్ధతి ఎంచుకోండి. తక్కినవాళ్లకు జాలీ నీటికి దగ్గరగా ఉంచడం, పొడిని ఊదనివ్వకపోవడం, పని అయ్యాక చీపురుతో కాక తడిగుడ్డతో నేల తుడవడం చాలు.

అంతకన్నా నన్ను భయపెట్టేది వేరొకటి ఉంది. చీమలకూ బొద్దింకలకూ గోడవార గీసే మందు సుద్ద చూడటానికి అచ్చం బడి సుద్దలాగే ఉంటుంది, దానిలో ఉన్నది పురుగుమందు. చాలా ఇళ్లలో రెండూ ఒకే అలమరలో, ఒకే పాత డబ్బాలో పడి ఉండటం నేను చూశాను. మీరు దంచిన ముక్కల్లో తెల్లవి ఏవైనా ఎప్పటివో తెలియనివి ఉంటే ఆ పొడి మొత్తం పారవేసి, రోలు బాగా కడిగి, కొత్త రంగు సుద్దల పెట్టె కొనుక్కోండి. సుద్దగానీ బలపంగానీ తరచూ నమిలే పిల్లలు ఉంటే, తిట్టి ఊరుకోకుండా డాక్టరుకు చూపించాలి, ఆ తిండి వెనక రక్తహీనత ఉండటం కద్దు.

ఇప్పుడు మీ మనవడు. నాలుగేళ్ల పిల్లవాడి ముందు నీళ్ల పళ్లెం పెట్టి చేతులు పెట్టవద్దంటే అది జరిగే పని కాదు, జరగాలని కోరుకోవడం కూడా నాకు న్యాయంగా తోచదు. అక్క పళ్లెం అక్కది, వాడి పళ్లెం వాడిది అని మొదటే విడదీయండి. వాడి చేతికి పొడి జాలీ కాక, గుడ్డలో మిగిలిన ఆ మోటు పలుకులను ఇవ్వండి. వాటిలో రెండు మూడు చెంచాల గంజి పోసి అట్ల పిండి జారుగా కలపమంటే, వాడికి కలపడం అనే సరదా తీరుతుంది, మీకు గట్టి రంగు తయారవుతుంది. ఆ రంగును పళ్లెంలో పల్చగా పరచి, ముదురు బెండకాయను అడ్డంగా కోసి ముంచి నల్ల కాగితం మీద ఒత్తిస్తే అయిదు మూలల పువ్వు పడుతుంది, మధ్యలో గింజల గళ్లు కూడా కనబడతాయి. లేత బెండకాయ మెత్తగా నలిగిపోతుంది, కూరకు పనికిరాదని పక్కన పెట్టేసినదే ఇక్కడ పనికివస్తుంది. కోసిన ముక్కను ఒకసారి గుడ్డతో అద్ది జిగురు తుడిస్తే అచ్చు శుభ్రంగా వస్తుంది. జామ ఆకు వెనకవైపు, ఈనెలు ఉబ్బి ఉన్నచోట, తడిపిన సుద్దముక్కతో రుద్ది కాగితం మీద బోర్లించి అరచేత్తో అదిమితే ఈనెలన్నీ గీతలుగా వస్తాయి. ఈ రెండింటిలోనూ ఎగిరే దుమ్ము లేదు, ఊపిరి బిగపట్టి ఓపిక పట్టవలసిన క్షణమూ లేదు, నాలుగేళ్లవాడి చేతి బలానికి సరిపోయే పని ఉంది.

అక్క చేసేది తానూ చేస్తానని పట్టుబడితే, పొడి మీరు రాల్చి, పోస్టుకార్డులో సగం ఉండే చిన్న కాగితానికి బట్టల క్లిప్పు ఒకటి పిడిలా పెట్టి వాడి చేతికి ఇవ్వండి. పిడి ఉంటే చిన్నపిల్లలు కాగితాన్ని నీటిలో ముంచరు, అద్దుతారు. పది పన్నెండు నిమిషాలకు మించి వాడు కూర్చోడు, కూర్చోవాలని మీరు ఆశించవద్దు. రెండు వేళ్ల లోతే కదా అని నీళ్ల పళ్లెం దగ్గర వాణ్ణి వదిలి లోపలికి మాత్రం వెళ్లకండి.

పని పూర్తయ్యాక నీళ్లను సింకులో పారబోయవద్దు. ఒక గంట కదపకుండా ఉంచితే సుద్ద అడుగున పేరుకుంటుంది, పైన తేరిన నీళ్లు మొక్కలకు పోసి, అడుగున ఉన్న ముద్దను ఓ మూల మట్టిలో వేయండి. గొట్టంలోకి పోతే ఆ ముద్ద వంపుల దగ్గర పేరుకుని, ప్లంబరును పిలిచే దాకా వస్తుంది.

పోస్టు సంగతి. గంజి పూత రెండుసార్లు పడి, పూర్తిగా ఆరిన అచ్చును పంపవచ్చు. అచ్చు మీద దానంతే కొలతకు కోసిన బటర్ పేపరు ఒకటి వేసి, రెండు అట్టముక్కల మధ్య పెట్టి, అట్టలు ఒకదానిమీద ఒకటి జరగకుండా అంచులకు టేపు వేయండి, ఎందుకంటే దారిలో రంగు రాలేది ఒత్తిడికి కాదు, రాపిడికి. రెండు అచ్చులు పంపేటట్టయితే రంగు వైపులు ఎదురెదురుగా పెట్టవద్దు. కాగితాన్ని మడవవద్దు, మడత పడిన గీత పొడుగునా పొడి రాలిపోయి తెల్లగా మిగులుతుంది. శుభలేఖ వెనక తీసిన అచ్చులైతే కవరులో చక్కగా ఇముడుతాయి. ఎవరు చేసినది ఏదో వెనకవైపు పెన్సిలుతో పేరూ తేదీ రాయించండి, ఆ రాత మాత్రం అచ్చు తీయకముందే, కాగితం పొడిగా ఉన్నప్పుడే జరగాలి. ఆరిన అచ్చును బోర్లా తిప్పి రాస్తే కిందివైపు రంగంతా బల్లకు అంటుకుంటుంది.